జక్కయ్య ఉలి జారిన రాయి

నేను ఒక నాపరాయిని. మూరెడు పొడవు, జానెడు ఎత్తు, ఒళ్లంతా నలుపు. మనసు లేనివాణ్ని మీరు రాయి అని తిడతారు. తిట్టుకోండి, నాకేం కొత్త కాదు. కానీ ఒక్క మనిషి చెయ్యి కోసం ఒక రాయి ఎంతగా ఎదురుచూస్తుందో ఇది విన్నాక చెప్పండి.

నిజాం రాజ్యం పోయిన కొత్తల్లో నన్ను గనిలోంచి ఎడ్లబండి మీద మెథడిస్టు పేటకు తెచ్చారు. అప్పటికే అక్కడ దేవుడు రెండిళ్లు మారి ఉన్నాడు. మొదటిది మిషను దొరసాని వేయించిన గడ్డిపాక. ఒక ఎండాకాలం నిప్పురవ్వ పడి బూడిదైంది. రెండోది పెంకుల షెడ్డు, వారమంతా బడి, ఆదివారం ఆరాధన. వానొస్తే పాస్టరుగారు ప్రసంగం ఆపి కారేచోటల్లా గిన్నెలు పెట్టించేవారట. ఇక ఇలా కాదని పేటవాళ్లు రాతిగుడి తలపెట్టారు. పగలంతా కూలికి పోయి, పొద్దుగూకాక వచ్చి సున్నం మోసేవాళ్లు. ఆ సంగతి ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు.

గోడ కట్టిన మేస్త్రీ జక్కయ్య. బైబిల్లో జక్కయ్య పొట్టివాడు, ఈయన తాటిచెట్టంత మనిషి. ఒకరోజు నన్ను చెక్కుతూ ఉంటే ఆయన భార్య తబితమ్మ సున్నం గంప ఎత్తుకుని అటుగా పోయింది. కొత్తగా పెళ్లయినవాడు, చూపు అటు పోయింది, ఉలి ఇటు జారింది. నా మూలన ఒక సొట్ట పడింది. మేస్త్రీకి సిగ్గేసి నన్ను అవతల పారేయబోయాడు.

"పారెయ్యకు," అంది తబితమ్మ. గంప దించి సొట్టలో వేలు పెట్టి చూసింది. "సూడు, నా బొటనేలు సక్కగ పట్టింది. నేను కూసునే కాడ పెట్టు."

గుడిలో మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కూర్చుంటారు. ఆ ఏర్పాటు జక్కయ్యకు ఎప్పుడూ నచ్చలేదు. అందుకే నన్ను ఆడవాళ్ల తలుపు పక్కన, లోపలి గోడకు, చాప మీద కూర్చున్న మనిషి చెయ్యి అందే ఎత్తులో పెట్టాడు. "దీని మీద చెయ్యేస్తే నేను నీ పక్కన కూసున్నట్టే," అన్నాడు. ఆమె నవ్వి, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసింది.

తలుపుల మీది కమాను ముగిస్తున్న రోజు పరంజా కర్ర విరిగింది. జక్కయ్య కింద పడ్డాడు, మళ్లీ లేవలేదు. కప్పు కూడా పడని ఆ గుడిలో జరిగిన మొట్టమొదటి ఆరాధన, దాన్ని కట్టినవాడి భూస్థాపనే. తబితమ్మ ఏడవలేదు. నా సొట్టలో బొటనవేలు పెట్టి, పాటలు అయిపోయేదాకా తీయలేదు.

ఆ తర్వాత ఆమె మళ్లీ పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. గుడి ఊడుస్తూ, ఇంత వండుకుని తింటూ బతికింది. జక్కయ్య తలదగ్గర పాతిన కొయ్య సిలువను చెదలు తినేశాయి. రాయి వేయించుకునే స్తోమత ఆమెకు ఏనాడూ లేదు.

మెథడిస్టు పాస్టర్లకు ఒకచోట కుదురుగా ఉండే రాత లేదు. ఏటా కాన్ఫరెన్సులో బదిలీకి పేరు చదివితే పెట్టెబేడా సర్దుకోవలసిందే. ఎంతమంది వచ్చారో, ఎంతమంది పోయారో. కరెంటు వచ్చింది, ఫ్యాన్లు వచ్చాయి, బెంచీలు వచ్చాయి. బెంచీలు ముందు మగవాళ్ల వైపే వచ్చాయి, చెప్పాలా! ఆడవాళ్లకూ వచ్చాక కూడా తబితమ్మ చాప వదల్లేదు. బెంచీ ఎక్కితే నేను అందను కదా. ఏటా క్రిస్మస్‌కు గోడలకు సున్నం కొట్టేవారు. అది ఆరకముందే ఆమె కొంగుతో నన్ను శుభ్రంగా తుడిచేది. గోడంతా తెలుపు, నేనొక్కణ్ని నలుపు. కొత్త పాస్టరు వచ్చిన ప్రతిసారీ ఇదేమిటని అడగడం, ఎవరో ఒకరు "అది అవ్వ రాయి" అనడం మామూలే.

చివరికి కప్పు బీటలిచ్చింది. కొత్త గుడి కట్టాలని కమిటీ తీర్మానించింది. తబితమ్మ ఎదురు చెప్పలేదు. కర్ర పొడుచుకుంటూ పాస్టరు ప్రభుకిరణ్ దగ్గరికి వచ్చింది. ఆయన కుర్రవాడు, మంచివాడు.

"అయ్యగారూ, గుడి కూలగొట్టుకోండ్రి, నేనొద్దనను. నా రాయొక్కటి నాకియ్యుండ్రి. ఇన్ని రాళ్లు పేర్చినోనికి తలకాడ ఒక్క రాయి లేదు. రేపు నేను గూడ ఆడనే పండుకుంట."

"తప్పకుండా అవ్వా. నేనే దగ్గరుండి తీయిస్తా," అన్నాడాయన.

మాట ఇచ్చినప్పుడు నిజంగానే ఇచ్చాడు. కానీ ఆ వారమే తబితమ్మ కంటి పొర తీయించుకోవడానికి పట్నం ఆసుపత్రికి వెళ్లింది. ఇక్కడ పాత గుడిలో చివరి ఆరాధనకు బిషప్‌గారు వస్తున్నారు, ఫొటోలు తీస్తారు. యూత్‌వాళ్లకు గుడి మీద ప్రేమ పొంగుకొచ్చింది. శవానికి స్నానం చేయించి కొత్తబట్ట కట్టినట్టు, కూలబోయే గుడికి బీటలన్నీ పూడ్చి తెల్లరంగు వేశారు. పాటలు పాడుకుంటూ వేశారు. నా సొట్టలో లప్పం నింపి, నున్నగా రుద్ది, నాకూ వేశారు. తుడవడానికి ఆమె ఊళ్లో లేదు.

అవ్వ వచ్చేదాకా ఆగుదామనే అనుకున్నారు. జేసీబీకి మాత్రం మర్నాడే తీరిక దొరికింది.

"ఆడవాళ్ల తలుపు పక్కన నల్లరాయి ఉంటుంది, చూసి తియ్యి," అని ప్రభుకిరణ్ అరిచాడు.

"ఏది సార్? అన్నీ తెల్లగనే ఉన్నయి గద," అన్నాడు డ్రైవరు.

పాస్టరు పరుగున వచ్చేలోపే గోడ ఒరిగింది. జక్కయ్య పేర్చిన రాళ్లం ఒకరి మీద ఒకరం పడ్డాం. నేను బోర్లా పడ్డాను.

ప్రభుకిరణ్ ఎండలో ఆ కుప్పంతా కెలికాడు. చేతులు బొబ్బలెక్కాయి. సొట్ట ఉన్న రాయి కోసం చూశాడు. జేసీబీ పంటికి మూల లేచిపోయిన రాయి ఒకటి దొరికింది. దాన్ని కడిగి, రంగు గీకి, అదే అయి ఉండాలని ప్రార్థన కూడా చేసుకున్నాడు. నేను జానెడు దూరంలోనే ఉన్నాను. నోరుంటే అరిచేవాణ్ని.

తబితమ్మ కంటికి పట్టీతో, పక్కింటి మరియమ్మ చెయ్యి పట్టుకుని వచ్చింది. నిలబడలేక కుప్ప మీద కూర్చుంది. ఎక్కడ కూర్చుందనుకున్నారు? నా మీదే. ప్రభుకిరణ్ ఆ రాయిని మోసుకొచ్చి ఆమె ఒళ్లో ఆనించాడు.

"ఇదే కదా అవ్వా? సొట్ట కూడా ఉంది."

ఆమె బొటనవేలు ఆ సొట్టలో పెట్టింది. కొత్తగా పగిలిన అంచు, కత్తిలా కోసి ఉంటుంది. వేలు అక్కడే ఆగింది. తర్వాత ఆమె చెయ్యి చాచి ప్రభుకిరణ్ చేతులు తడిమింది. బొబ్బలు తగిలాయి.

"ఇదే బిడ్డా. దేవుడు నిన్ను సల్లగ సూడాలె."

ఆయన కళ్లు తుడుచుకుంటూ బండి కోసం వెళ్లాడు. అప్పుడు మరియమ్మతో మెల్లగా అంది. "ఆయన ఉలి గిట్ల జారదు. పోనీలే, ఇది గూడ ఆయన పేర్చిందే గద."

అంటూ అంటూ వెక్కివెక్కి ఏడ్చింది. భూస్థాపన రోజు ఏడవనిదంతా ఇప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపుకి నా ఒళ్లు కదిలింది. నేనిక్కడే ఉన్నానమ్మా, నీ కిందే ఉన్నానమ్మా అని ఎలా చెప్పను?

మర్నాడు మమ్మల్ని ట్రాక్టరుకెత్తి, గుడి ముందు దుకాణాలకు అద్దెకివ్వడానికి కట్టే మడిగెల పునాదిలో పోశారు. ఇప్పుడు నా నెత్తిన సెల్‌ఫోన్ల దుకాణం. కొత్త గుడి చాలా బాగుందట, లోపల చల్లగా ఉంటుందట. తబితమ్మ అందులో రెండు క్రిస్మస్‌లు చూసింది. తర్వాత ఆమెను జక్కయ్య పక్కన పండబెట్టారని పైన దుకాణంలో చెప్పుకుంటుంటే విన్నాను. ఇద్దరి తలల దగ్గరా ఆ మూల పగిలిన రాయే ఉందట. వాడు అదృష్టవంతుడు. వాడి మీద నాకు కోపం లేదు, కుళ్లు ఉంది.

మొన్నటి వానలకు పునాదిలోకి తేమ దిగింది. నా సొట్టలోని లప్పం నాని, ఊడిపోయింది. ఇప్పుడు వేలు పెడితే ఆమెకు తెలిసేది.