బెంచీ మీద చోటు

“వెయ్యరు. లిఫ్టు తమ గుమ్మం ముందే ఆగుతుంటే మన కోసం ఓటెవరేస్తారు? వెయ్యరు గాక వెయ్యరు.”

ఎవరూ అడక్కుండానే పైకి అనేసింది హైమావతి. అన్నం డబ్బా, నీళ్ల సీసా, మజ్జిగ గ్లాసు మంచం పక్కన స్టూలు మీద సర్దుతోంది. డబ్బాను ఒకసారి ముందుకు జరిపింది, మళ్లీ వెనక్కి జరిపింది. దూరమైతే కొడుకు అందుకోబోయి మంచం మీంచి పడతాడని భయం. దగ్గరైతే మోచెయ్యి తగిలి ఒలికిపోతుందని భయం.

“అమ్మా, రిలాక్స్ లా,” అన్నాడు ఆకాష్ దుప్పటిలోంచి, ఈ ఊరి ఇంగ్లీషు యాసలో. ఇరవై నాలుగేళ్లవాడు. పుట్టుకతోనే నడుము కింద బలం లేదు. “ఇవాళ్టితో పోలింగ్ అయిపోతుంది. రాకపోతే ఇలాగే ఉంటాం.”

“ఇలాగే అంటే ఎన్నాళ్లురా? నేను మంచాన పడితే నిన్నెవరు దింపుతారు? ఇంటికి నిప్పంటుకుంటే? ఊపిరాడకపోతే?”

“ముందు నువ్వు రైలు మిస్సవుతావు, చూసుకో.”

ఆమె తలుపు రెండుసార్లు లాగి చూసి మెట్లు దిగింది. బూన్ లేలోని ఆ పాత బ్లాకులో లిఫ్టు అన్ని అంతస్తుల్లోనూ ఆగదు. అయిదులో ఆగి, మళ్లీ తొమ్మిదిలో ఆగుతుంది. వీళ్లు ఉండేది ఏడులో. ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే ఆకాష్ ఒక్కొక్క మెట్టూ కూర్చుని జారుతూ దిగాలి. కింది మెట్టు మీద నిలబడి ఆమె తన భుజం ఆన్చాలి. ఆ భుజం ఈ మధ్య రాత్రుళ్లు కూడా సలుపుతోంది.

అన్ని అంతస్తుల్లోనూ ఆగే లిఫ్టు పెడతామని ప్రభుత్వం ముందుకొచ్చింది. అయితే అది కావాలో వద్దో బ్లాకువాళ్లే ఓటేసి తేల్చుకోవాలి. ఇంటికొక ఓటు. నూటికి డెబ్బై అయిదు ఇళ్లు కావాలంటేనే వస్తుంది, ఒక్కటి తగ్గినా రాదు. ఓటు పౌరులకే. హైమావతి, ఆకాష్ పీఆర్‌లు మాత్రమే; ఇక్కడ ఉండిపోయే అనుమతి ఉంది గానీ పౌరసత్వం లేదు. విశాఖపట్నం నుంచి షిప్‌యార్డులో వెల్డరుగా వచ్చిన ఆమె భర్త, పౌరసత్వం సంగతి చూద్దాం చూద్దాం అంటూనే పోయాడు. కాబట్టి ఆమె కొడుకు గడప దాటే సంగతి ఇప్పుడు పక్కవాళ్ల చేతుల్లో ఉంది. లిఫ్టు ఇప్పటికే తమ ఇంటి ముందు ఆగుతున్నవాళ్లు ఆ దుమ్మూ రొదా ఎందుకు భరిస్తారని ఆమె దిగులు.

అయిదో అంతస్తులో, గియాసుద్దీన్ గారి గుమ్మం పక్కన ఆకాష్ చక్రాల కుర్చీ ఉంటుంది. మడిచి, పాత దుప్పటి కప్పి పెట్టుకోమని చోటిచ్చింది ఆయనే. రేవులో గుమాస్తాగా చేసి రిటైరైన హైదరాబాదు మనిషి. డెబ్బై దాటాయి. రోజూ పొద్దున్నే లుంగీ పైకి కట్టుకుని, ఆ కుర్చీ చక్రాలు తడిగుడ్డతో తుడుస్తాడు.

నెల కిందట ఆమె సిగ్గు విడిచి అడిగింది. “భాయిసాబ్, మీ ఓటు లిఫ్టుకే వేస్తారు కదండీ?”

ఆయన ఆమె వైపు చూడలేదు. చక్రం కమ్మీలను ఒక్కొక్కటే తుడుచుకుంటూ పోయాడు. అవుననలేదు, కాదనలేదు. అంతే, ఆ రోజు నుంచి హైమావతి ఆ గుమ్మం దగ్గర తల దించుకునే నడుస్తోంది. శుక్రవారాలు పంపే పులిహోర కూడా మానేసింది.

ఇవాళ ఆయన ఏదో చెప్పబోతున్నట్టు తడిగుడ్డతోనే చెయ్యెత్తాడు. లిఫ్టు వచ్చింది. ఆమె ఎక్కేసింది.

బూన్ లేలోనే రైలు మొదలవుతుంది గనక కూర్చోవడానికి సీటు దొరుకుతుంది. తల అద్దానికి ఆన్చి, మూతపడే కళ్లను బలవంతంగా తెరుచుకుంటూ ఊరికి ఆ చివరి దాకా వెళుతుంది. తనా మేరాలో రైలు మారి ఎక్స్‌పోలో దిగుతుంది. చాంగీ బిజినెస్ పార్కులోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కాఫీలు కలిపి కప్పులు కడగడం ఆమె పని. ఐటీ ఊపులో ఉన్న రోజులు. ఈ వారం చూసిన ముఖం వచ్చే వారానికి పాతబడిపోతోంది, కప్పులు ఎన్ని తెచ్చినా చాలడం లేదు. చేతివేళ్లు సబ్బునీళ్లకు నాని ముడతలు పడిపోయాయి.

“ఏమైంది ఆంటీ, మొకం గట్ల పెట్టినవ్?” అంటూ వచ్చాడు ఉబైద్. హైదరాబాదు కుర్రాడు, కొత్తగా చేరాడు.

లిఫ్టు సంగతి విని నవ్వేశాడు. “నేను చేసే ప్రాజెక్టు గదే ఆంటీ. అమెరికాల కొన్ని రాష్ట్రాలల్ల జనమే సంతకాలు పోగుచేసి, మాకు ఈ చట్టం కావాలె అని ఓటింగుకు పెట్టొచ్చు. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో రూలు. ఒకకాడ సగం దాటితే సాలు, ఇంకోకాడ అరవై గావాలె. కొన్నిట్ల జనానికి ఆ హక్కే లేదు. అన్నీ కంప్యూటర్ల ఎక్కిస్తున్నం.”

“మాకు డెబ్బై అయిదు నాయనా.”

“లిఫ్టుకా! వాళ్లకంటే మీరే స్ట్రిక్టున్నరు కదా.”

ఆమెకు నవ్వు రాలేదు. “ఒకాయన్ని నోరు విడిచి అడిగాను బాబూ. ఏం చెప్పలేదు. అంటే వెయ్యనట్టే కదా?”

“అట్లెట్లయితది? ఓటంటే చెప్పొద్దు ఆంటీ. మా అబ్బా ఎవరికేస్తడో మా అమ్మీకి ఇప్పటికీ ఎరక లేదు. ప్రతి ఎలక్షన్ల ఇంట్ల అదే లొల్లి.”

“మంచిమాటైతే దాచుకోవడం ఎందుకు? చెడ్డమాటనే దాస్తారు,” అంటూ కప్పు మళ్లీ తోమసాగింది.

సాయంత్రం బ్లాకు దగ్గరికి చేరేసరికి పాదాలు చెప్పుల్లోంచి పొంగుతున్నాయి. కింద స్తంభాల మధ్య పోలింగు బల్లలు అలాగే ఉన్నాయి. పెట్టె దగ్గర కూర్చున్న అమ్మాయి ఆవులిస్తోంది. బ్లాకు ముందున్న సిమెంటు బెంచీ మీద రెండు నిమిషాలు కూలబడదామనుకుంది హైమావతి. తీరా చూస్తే అక్కడొక టిష్యూ ప్యాకెట్ ఉంది. గాలికి ఎగిరిపోకుండా దాని మీద చిన్న గులకరాయి కూడా. ఈ ఊళ్లో టిష్యూ ప్యాకెట్ పెట్టారంటే ఆ చోట మనిషి కూర్చున్నట్టే. ఎవరో ‘చోప్’ చేసుకుని, అంటే చోటు పట్టుకుని పోయారు. ‘కూర్చునే రాత కూడా లేదు మనకి’ అనుకుని, స్తంభానికి ఆనుకుని కాసేపు ఊపిరి తీసుకుని లిఫ్టెక్కింది.

అయిదులో తలుపులు తెరుచుకున్నాయి. గియాసుద్దీన్ గారి గుమ్మం ముందు నేలంతా చెప్పులే.

ఆయన కూతురు రుమానా ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. “మధ్యాహ్నం నమాజు చేసుకుని పడుకున్నారు ఆంటీ. మళ్లీ లేవలేదు. అసర్ నమాజు తర్వాత మగవాళ్లు ఖబరస్తాన్‌కి తీసుకెళ్లారు. మీకు ఎట్లా చెప్పాలో తెలియలేదు.”

లోపల ఆయన భార్య కమరున్నీసా తెల్లని దుపట్టా కప్పుకుని గోడకానుకుని ఉంది. హైమావతి పక్కనే నేల మీద కూర్చుంది. ఏడుపు రాలేదు. గోడ గడియారం మీదికి చూపు వెళ్లింది. పోలింగు ఇంకా ముగియలేదు. ఆయన వేశాడా, వెయ్యకుండానే పోయాడా? ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. మనిషిని మట్టిచేసి వస్తుంటే తన బుద్ధి పెట్టె దగ్గరే ఉంది. పొద్దున గాలిలో ఆగిపోయిన ఆ తడిగుడ్డ చెయ్యి కళ్లలో మెదిలింది.

“ఆపా,” అంది చివరికి. “భాయిసాబ్‌కి నా మీద కోపమొచ్చిందా? నెలరోజులై పలకరించలేదు నేను.”

కమరున్నీసా దుపట్టా ముఖం మీదికి లాక్కుంది. చుట్టూ కూర్చుని ఖురాన్ చదువుతున్న ఆడవాళ్లు ఆ పేజీ ముగించారు, ఇంకొకటి తిప్పారు. ఎవరో దీపం వేశారు. ఇక ఆమె మాట్లాడదని హైమావతి లేవబోతుంటే, ఆ ముసలి చెయ్యి ఆమె కొంగు పట్టుకుంది.

“కోపమా?” అంది కమరున్నీసా, గొంతు సవరించుకోకుండానే. “నువ్వు పోంగనే కిందికి పోయి ఓటేసొచ్చిండ్రు. లిఫ్టు కావాల్నని వేసిండ్రంట. పెట్టెల పడేదాక ఎవరికీ చెప్పొద్దని ఆయన జిద్దు. నాకు కూడ చెప్పలే. ‘ఇంక చెప్పొచ్చు, హైమా అలిసొస్తది, మెట్లెక్కక ముందే కూసోబెట్టి చెప్తా’ అన్నరు. బెంచీ మీద నీకోసం జాగా పెట్టొచ్చిండ్రు. ఉన్నదా, ఎవరన్న తీసేసిండ్రా?”

హైమావతి వరండాలోకి వచ్చి పిట్టగోడ మీంచి వంగి చూసింది. బెంచీ మీద ఎవరూ కూర్చోలేదు. వీధిదీపం వెలుగులో ఆ తెల్లటి ప్యాకెట్ అక్కడే ఉంది, గులకరాయి కింద.