కుముదిని పాటలకు నంబర్లు

ఏటా కుముదిని పుట్టినరోజు దాటాక వచ్చే మొదటి ఆదివారం పటాన్‌చెరులో నాగయ్య హోటల్‌కు మామూలు గిరాకీ రాదు. వచ్చినా నిలవదు. పొద్దున్నే నలుగురు మనుషులు గోడవారగా ఉన్న బల్లలు ఆక్రమించుకుని, ఒక్క చాయ్ మీద పూటంతా గడుపుతూ, ఎక్కడో మద్రాసులో ఉండే ఒక సినిమా గాయని పాటలకు నంబర్లు వేస్తుంటారు. ఏ పాట మొదటిది, ఏది రెండోది, పోయినేడు పైనున్న పాట ఈ ఏడు ఎందుకు కిందికి జారింది. వాళ్ళ కొట్లాట దూరం నుంచి చూస్తే పొలం గట్టు పంచాయితీ అనుకుంటారు. నిజానికి ఆ నలుగురిలో ముగ్గురికి గట్టు పంచాయితీ పెట్టుకుందామన్నా పొలాల్లేవు. వాటి మీదే డ్రమ్ముల కంపెనీ కట్టారు.

ఆ ముగ్గురిలో పెద్దవాడు వెంకటేశం. భూమి పోయినందుకు కంపెనీవాళ్ళు దయతలచి ప్రెస్ షాపులో ఉద్యోగం ఇచ్చారు. అక్కడ మిషన్ ఇనుప రేకు మీద పడి డ్రమ్ము మూతలు కొడుతుంది. షిఫ్టంతా పడుతూనే ఉంటుంది. చేరిన కొత్తలో ఇంటికొచ్చి నడుం వాల్చినా చెవుల్లో అదే మోత. ఫోర్‌మన్‌తో చెప్పుకుంటే "అలవాటైతది తియ్" అన్నాడు. ఆయన నోటి చలవ, అలవాటయింది. ముందు మోత అలవాటయింది. ఆ తర్వాత మోత తప్ప మిగతాదేదీ సరిగా వినపడకపోవడం కూడా అలవాటయింది.

ఆ ఆదివారం అతనికి లేవబుద్ధే కాలేదు. వారమంతా నిలబడ్డ కాళ్ళు గుంజుతున్నాయి. రాజవ్వ నీళ్ళు తోడిపెట్టి గడపలోంచి పిలిచింది, మళ్ళీ పిలిచింది, చివరికి వచ్చి మొగుడి భుజం పట్టి ఊపింది.

"ఎన్నిసార్లు పిలవాలె? గల్లీ అంత ఇన్నది, నువ్వు తప్ప."

"ఇన్న. లేస్తున్న."

"ఇనలే నువ్వు. నా దగ్గెరెందుకు అబద్ధాలు? పట్నం పోయి పెద్ద దవాఖానల చూపిచ్చుకో అంటే మొండికేస్తవు."

"చూపిచ్చుకుంటే చెవుడని రాసిస్తరు. గా ముచ్చట కంపెనీల తెలిస్తే ఇంటికి తోలుతరు. ఇగ తిండెట్ల?"

"మరి గా హోటల్ల కూసోని ఏం పాటలింటవు?"

వెంకటేశం పంచె సర్దుకుంటూ బయటికి నడిచాడు. చిత్రం, ఆ ప్రశ్న మాత్రం అతనికి చక్కగా వినపడింది.

ఒకప్పుడు పాట వినడమంటే వెంకటేశానిదే వినడం. కంది ఊరి భజన మేళంలో చిన్నప్పుడు తాళం పట్టిన చెవి అది. కుముదిని ఏ చరణం ముందు ఊపిరి తీసుకుందో, ఏ మాట దగ్గర గొంతు వెంట్రుకవాసి వణికిందో రికార్డు ఒక్కసారి వేస్తే చెప్పేసేవాడు. అందుకని నంబర్లు వేసేటప్పుడు మొదటి మాట అతనిది. అతనొక నంబర్ చెప్పాకే మిగతావాళ్ళు ఔననాలి, కాదనాలి. వారమంతా ఫోర్‌మన్ ముందు తలొంచుకునే మనిషికి తలెత్తుకుని కూర్చునే చోటు అదొక్కటే. చెవి పోయిందని అక్కడ తెలిస్తే ఆ చోటు పోతుంది. ఉద్యోగం పోవడం కన్నా అతనికి ఆ భయమే పెద్దదని తెలిస్తే రాజవ్వ చీపురు వెతుక్కుంటుంది.

కుముదిని గొంతు అతనికి ఒక్కసారిగా పోలేదు. ముందు పైస్థాయి పోయింది. పల్లవి వినపడేది, గొంతు పైకి లేవగానే మనిషి తలుపు వేసుకుని లోపలికి వెళ్ళినట్టు మాయమయ్యేది. ఆనక పల్లవీ పోయింది. ఇప్పుడు డోలక్ ఒక్కటే మిగిలింది. పాత పాటలతో ఇబ్బంది లేదు, అన్నీ తలలోనే ఉన్నాయి. డోలక్ దెబ్బ దొరికితే చాలు, మిగతాది లోపల తనే పాడుకుంటాడు. కానీ అలా పాడుకునేటప్పుడు మొహం ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు? ఎవరైనా పట్టేస్తారేమోనని హడలిపోయి, ఆమధ్య ఒక నియమం పెట్టాడు. పాట వచ్చినంతసేపూ అందరూ కళ్ళు మూసుకోవాలి. నోరు మెదపకూడదు. పాట అయిపోగానే నాగయ్య చాయ్ గ్లాసుతో వాళ్ళ బల్ల అదిరేలా కొడతాడు, అప్పుడే కళ్ళు తెరవాలి. అట్లయితే గొంతు మీద మనసు నిలుస్తుందని చెప్పాడు. చాయ్‌లో చక్కెర తక్కువైతే కూడా యుద్ధానికి దిగే మల్లయ్య, ఆ రోజు కిమ్మనకుండా "మంచిగున్నది" అన్నాడు. సంగప్ప తలూపాడు. తన మాట మీద వీళ్ళకెంత గౌరవమోనని వెంకటేశం పొంగిపోయాడు కూడా.

అతను వెళ్ళేసరికి హోటల్లో గొంతులు రోడ్డు దాకా వస్తున్నాయి. కౌంటర్ వెనక రికార్డు ప్లేయర్, గోడకు సందూకు పెట్టెంత స్పీకర్. పోయినేడు చిన్నది ఉండేది. మల్లయ్య పోరు పడలేక నాగయ్య దీన్ని తెచ్చాడు. అది పాడుతుంటే బల్ల మీద గ్లాసులు అదురుతాయి. నంబర్లు ఏడాదికోసారే అయినా పాటలు ప్రతి ఆదివారం ఉంటాయి కాబట్టి, ఎదురుగా కూరగాయలమ్మే ముత్యమ్మ వారంవారం వచ్చి తిట్టిపోతుంది, వీళ్ళు వారంవారం నవ్వేస్తారు.

మల్లయ్య, సంగప్ప ఇద్దరూ ప్రెస్ షాపువాళ్ళే. నాలుగోవాడు కాశీనాథ్, సంగారెడ్డిలో పప్పుల వ్యాపారం చేసే షావుకారు కొడుకు. రికార్డులు కొనేది అతనే, సినిమా పత్రికలు చదివి పాటల వెనక కథలు మోసుకొచ్చేదీ అతనే. ఈ హోటల్లో పాటకు నంబర్ రావాలంటే దాని వెనక ఒక కథ ఉండాలి. కథ లేని పాటకు ఎంత రాగముంటే ఏం లాభం?

"పడవ పాటకే మొదటి నంబర్," మల్లయ్య బల్ల గుద్దుతున్నాడు. "గా పాట పాడిన దినం ఆమెకు ఒళ్ళు కాలిపోయే జెరం. కంబలి కప్పుకోని పాడింది."

"కంబలి కాదు, శాలువ," అన్నాడు కాశీనాథ్.

"ఏదో ఒకటి కప్పుకున్నది గదా!"

"ఊయల పాట సంగతేంది మరి?" అన్నాడు వెంకటేశం కూర్చుంటూ. "నెలలు నిండినంక పాడింది. పాటైన తెల్లారే కాన్పు."

"పోయినేడు గదే రోజు కాన్పయిందంటివి?" అన్నాడు మల్లయ్య.

"గదే రోజు తెల్లారే."

సంగప్ప మాట్లాడలేదు. అతను ఎప్పుడూ తక్కువ మాట్లాడతాడు, ఈమధ్య బొత్తిగా మానేశాడు. ఎవరు ఏమన్నా చిరునవ్వు నవ్వి తలూపుతాడు. వెంకటేశం చాయ్ ఊదుకుంటూ కూర్చున్నాడు. మునుపు వీళ్ళు రాగం గురించి తన్నుకునేవాళ్ళు. ఫలానా చరణంలో కుముదిని పైకి వెళ్ళాల్సింది ఎందుకు కిందికి దిగిందని చాయ్‌లు చల్లారేదాకా వాదించుకునేవాళ్ళు. ఇప్పుడన్నీ జ్వరాలూ కాన్పులే. ఎప్పటినుంచి ఇలా అయిందో అతనికి గుర్తు రాలేదు. గుర్తు చేసుకునే ఓపిక కూడా లేదు. ఇంటికెళ్ళి పడుకుంటే బాగుండనిపించింది.

అప్పుడు కాశీనాథ్ సంచిలోంచి కొత్త రికార్డు తీశాడు.

"నిన్ననే ఆబిడ్స్‌ల దొరికింది. కొత్త సినిమా. ఈడ ఇంకా ఎవరు ఇనలేదు. వెంకన్నా, నువ్వే చెప్పాలె దీని నంబరు. నేను ఇంట్ల ఇన్న, మీరు ఇనుండ్రి. వేడి వేడి మిర్చీలు తెస్త."

వెంకటేశం చాయ్ గ్లాసు కింద పెట్టాడు. పాత పాటయితే తల ఆదుకుంటుంది. కొత్త పాటకు తల ఏం చేస్తుంది? "ఇయాల వద్దు, తల నొస్తున్నది" అందామనుకున్నాడు. అప్పటికే నాగయ్య రికార్డు పెట్టి ముల్లు ఆనించాడు. మల్లయ్య, సంగప్ప కళ్ళు మూసుకున్నారు. ఇక చేసేదేముంది, వెంకటేశం కూడా మూసుకున్నాడు.

ఎక్కడా డోలక్ దెబ్బ లేదు. వెతికాడు. అరచేయి బల్ల మీద ఆనించి చూశాడు. దూరంగా ఏదో అదురు తగిలినట్టే తగిలి జారిపోయింది. అది పాటో, రోడ్డు మీద పోయే లారీనో. లోపలంతా ప్రెస్ మిషన్ రొద. అయినా తల ఊపడం మొదలుపెట్టాడు. మెల్లగా, మధ్యమధ్య ఆహా అన్నట్టు ఆపి, మళ్ళీ మెల్లగా. ఇదేం బతుకురా అనుకున్నాడు. కంపెనీలో వినపడినట్టు నటించాలి, ఇంట్లో పెళ్ళాం దగ్గర నటించాలి, ఆఖరికి ఇష్టమైన పాట దగ్గర కూడా నటనేనా? తల ఊగుతూనే ఉంది. చీకట్లో అలా ఊగుతుంటే నిద్ర కూడా ముంచుకొస్తోంది.

గ్లాసు చప్పుడు కోసం ఎదురుచూశాడు. రాలేదు. ఎంతకీ రాలేదు. ఎంత పొడుగు పాటయినా ఇంతసేపు ఉంటుందా? అనుమానం వచ్చి ఒక కన్ను కొంచెం తెరిచాడు.

కౌంటర్ మీది బల్బు ఆరిపోయి ఉంది. కరెంటు లేదు. నాగయ్య రికార్డును చేతిలోకి తీసుకుని, భుజం మీది తువ్వాలతో తుడుస్తూ, తుడవడం మరిచిపోయి వీళ్ళవైపే చూస్తున్నాడు. గుమ్మంలో కాశీనాథ్, చేతిలో మిర్చీల పొట్లం, నోరు తెరుచుకుని ఉంది.

అయిపోయింది, దొరికిపోయాననుకున్నాడు వెంకటేశం. నాగయ్య కళ్ళు తన ఒక్కడి మీదే లేవని ఆ తర్వాత కనిపించింది. పక్కకు చూశాడు.

మల్లయ్య మోకాలి మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు. సంగప్ప కళ్ళు మూసుకుని తన్మయంగా తల ఆడిస్తున్నాడు. ఒకరిది వడి తాళం, ఒకరిది నెమ్మది తాళం. ఇప్పటిదాకా తను వేసింది ఈ రెండూ కాదు, మూడోది.

పెద్ద స్పీకర్ కావాలని మల్లయ్య ఎందుకు పోరుపెట్టాడో, కళ్ళు మూసుకోవాలనగానే ఎందుకు మారు మాట లేకుండా ఒప్పుకున్నాడో, సంగప్ప ఎందుకు మాటలు మానేశాడో, రాగాలు పోయి జ్వరాలూ కాన్పులూ ఎందుకు మిగిలాయో అతనికి ఒక్కసారిగా తెలిసింది. ఇన్నాళ్ళూ తనొక్కడే ఈ ముగ్గురిలో దొంగ అనుకున్నాడు. వీళ్ళూ తనలాగే ఆదివారమొస్తే భయంతో లేచి, భయంతోనే ఈ బల్ల దగ్గరికి వస్తున్నారా? మల్లయ్యను పట్టుకుని ఏడవాలనిపించింది.

కాశీనాథ్ ఏదో అనబోతే నాగయ్య చేయి అడ్డం పెట్టాడు. ఏం చేయాలో తోచక గ్లాసు తీసి బల్ల మీద గట్టిగా కొట్టాడు. వెంకటేశం గబుక్కున కన్ను మూసి అందరితోపాటు తెరిచాడు. ఇంకా అలవాటు పోలేదు.

మల్లయ్య కళ్ళు తుడుచుకున్నాడు. "ఏం పాడింది తల్లీ! ఆఖరి చరణంల నాకైతే ఏడుపొచ్చింది. వెంకన్నా, చెప్పు. మొదటి నంబరే గదా?"

అందరూ వెంకటేశం వైపు చూశారు. ఔనంటే చాలు. కాశీనాథ్ మంచి పిల్లగాడు, నోరు మూసుకుంటాడు. నాగయ్య ఎవరి గుట్టూ బయటపెట్టే మనిషి కాదు. వచ్చే ఏడు మళ్ళీ ఇదే బల్ల, ఇదే మొదటి మాట, ఇదే తల ఊపడం. ఆ ఊపడం తలుచుకోగానే అతనికి మెడ నొప్పి పుట్టింది. ఇంకొక్కసారి కూడా ఊపలేననిపించింది.

"కరెంటు పోయింది, మల్లయ్యా," అన్నాడు. అది సరిపోలేదని గొంతు పెంచి మళ్ళీ చెప్పాడు. "కరెంటు పోయింది! ఎప్పుడు పోయిందో నాకు తెల్వది. నాకు ఇనవడదు. మూడేండ్ల సంది ఇనవడ్తలేదు."

మల్లయ్య బల్బు వైపు చూశాడు. నాగయ్య చేతిలోని రికార్డు వైపు చూశాడు. మొహం ఎర్రబడింది. "నాకు ఇనవడ్డది," అన్నాడు. "జెరసేపు... సురూల..." చాయ్ గ్లాసు అందుకున్నాడు. అందులో చాయ్ లేదు.

సంగప్ప ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "ఏమైంది?" అన్నాడు. వెంకటేశం అతని చెవి దగ్గర నోరు పెట్టి మొత్తం మళ్ళీ చెప్పాడు. సంగప్ప చిరునవ్వు నవ్వబోయి మానేశాడు.

అంతలో బల్బు వెలిగింది. కాశీనాథ్ పొట్లం విప్పాడు కానీ ఎవరూ ముట్టలేదు. ఆ ఇబ్బందిలోంచి అందరినీ బయటపడేద్దామని నాగయ్య రికార్డు మళ్ళీ పళ్ళెం మీద పెట్టి, చేతనైనంత గట్టిగా అరిచాడు.

"మళ్ళ పెడ్త! ఎక్కడిదాక ఇన్నరో చెప్పుండ్రి, ఆడికెల్లి పెడ్త!"

మల్లయ్య గోడవైపు తిరిగాడు. వెంకటేశం తల వంచుకున్నాడు. చివరికి సంగప్పే నోరు విప్పాడు.

"నేనైతే పోయినేడు దాక ఇన్న."

నాగయ్య ముల్లును మొదట్లో ఆనించాడు. వెంకటేశం లేచి తన బల్లను ఈడ్చుకెళ్ళి స్పీకర్ కింద వేశాడు, కూర్చుని స్పీకర్ చెక్క మీద అరచేయి పెట్టాడు. కాసేపటికి మల్లయ్య వచ్చి పక్కన చేయి పెట్టాడు, ఆ తర్వాత సంగప్ప. కరకరమంటున్న పాటకు రోడ్డవతల ముత్యమ్మ తిట్లు మొదలయ్యాయి. వాళ్ళకు చేతుల కింద సన్నటి అదురు తెలుస్తోంది. ఈసారి ఎవరూ కళ్ళు మూసుకోలేదు.