కోతకు ముందు కోకో తోట

అంపొన్సెంకు నొప్పి లేదు. గొడవంతా అక్కడే వచ్చింది. మూత్రం సరిగా రావట్లేదని కుమాసీ పట్నంలో ఆసుపత్రికి వెళితే, స్కానింగులో ఇంకేదో కనబడిందట. కడుపులోని పెద్ద రక్తనాళం పిడికిలంత ఉబ్బిందని, అది పగిలితే ఆసుపత్రికి చేరే వ్యవధి కూడా ఉండదని డాక్టరు చెప్పాడు. ఉబ్బినచోట గుడ్డ గొట్టం వేసి కుట్టాలన్నాడు.

"గుడ్డ గొట్టమా? నా కడుపేమన్నా చిరిగిన చొక్కానా?" అన్నాడు అంపొన్సెం.

మేనల్లుడు ఫ్రెంపాంగ్ మాత్రం "ఆపరేషను చేయించుకో మామయ్యా, ఆలస్యం చెయ్యకు" అని మూడు వారాలుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు. అంపొన్సెం పోతే ఆచారం ప్రకారం కోకో తోట ఆ మేనల్లుడిదే, కొడుకులకు దక్కదు. కత్తి కింద మామ పోతే తోట చేతికొస్తుందనే వీడి తొందర, ఆ మాత్రం తెలియదా? భార్య డుఫియె ఒక్కతే "వద్దండీ, కొయ్యనివ్వకండి" అని ఏడ్చింది. ఆ ఏడుపుకు ముసలాడి మనసు కరిగిపోయింది.

దాంతో ఒక ఎత్తు వేశాడు. వంశపెద్దను తను పడుకున్న వార్డుకే పిలిపించి, మేనల్లుడి ఎదుటే, తన చేత్తో నాటిన ఆ తోటను డుఫియెకు ఇచ్చేశాడు. ఆమె కృతజ్ఞతగా ఆ పెద్దాయనకు రెండు జిన్ మద్యం సీసాలు అందించింది. వాళ్ల ఆచారంలో పెద్దాయన వాటిని పుచ్చుకున్నాడంటే ఇక ఆ మాటకు తిరుగులేదు.

"ఇది ఆసుపత్రా, సారా కొట్టా?" అని నర్సు అందరినీ దులిపేసింది.

"ఇప్పుడు చెప్పరా అల్లుడూ, కోయించుకోనా?" అన్నాడు అంపొన్సెం.

ఫ్రెంపాంగ్ మొహం మాడిపోయింది. "నన్నింత దొంగని చేశావా మామయ్యా? తోట ఎవరికిచ్చుకుంటే నాకేంటి? పొద్దున్నే నీకోసం రక్తం ఇచ్చొచ్చాను. రేపే చేయించుకో."

అంపొన్సెం సిగ్గుతో తల దించుకున్నాడు. అంతలో డుఫియె కళ్లు తుడుచుకుని, "అవునండీ, రేపే చేయించేద్దాం" అంది.

ముసలాడు చటుక్కున తలెత్తాడు. మూడు వారాల ఏడుపు ఒక్క పూటలో ఎక్కడికి పోయింది?

"ఏమే, నిన్నటిదాకా నీ భయం నాకోసమా, తోటకోసమా?"

డుఫియె తడుముకోలేదు. "రెండింటికోసమూనండీ. మీరు పోతే మీవాళ్లు నన్నూ పిల్లల్నీ నెల తిరక్కుండా గెంటేసేవాళ్లు. ఆ భయం తీరింది. ఇక మీ మీద బెంగొక్కటే."

నిజమో అబద్ధమో ఆమె మొహంలో ఎంత వెతికినా దొరకలేదు. మర్నాడు స్ట్రెచరు మీద తోసుకెళుతుంటే ఆమె ఒక పక్క, మేనల్లుడు ఒక పక్క నడిచారు. అంపొన్సెం ఇద్దరి చేతులూ పట్టుకోలేదు. ఎదురొచ్చిన డాక్టరు చెయ్యి పట్టుకున్నాడు.

"నేను పోతే నీకేమొస్తుంది నాయనా?"

"చెడ్డపేరు తాతా."

"అయితే నువ్వు కొయ్యి," అన్నాడు అంపొన్సెం.