కింది మూత దగ్గర

వెనకగది నేల ఒక మూల జానెడు కుంగిపోయింది. గోడలో చెయ్యి దూరేంత బీట. కింద పైపులోంచి నీళ్లు మట్టిలోకి ఊరుతున్నాయని డ్రైనేజీ ఇన్‌స్పెక్టరుకు చూడగానే అర్థమైంది. తేలాల్సిందల్లా తప్పెవరిదన్నదే. పైపు మొదటినుంచీ సరిగా లేకపోతే ఇల్లు బాగుచేయించాల్సింది డ్రైనేజీ ఆఫీసు. ఇంటావిడే చెత్త వేసి పూడ్చుకుని ఉంటే ఖర్చంతా ఆవిడదే, అంత డబ్బు లేక మూటాముల్లె సర్దుకుని ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందే.

"నాదే తప్పేమో బాబూ," అంది ఇంటావిడ, రిటైరైన టీచరమ్మ. "పక్కింటివాళ్లూ అదే అంటున్నారు. ఇప్పుడు అంట్లు తోమి నీళ్లు వదలాలన్నా భయమేస్తోంది."

అతనికి ఆవిడ ముఖం చూడబుద్ధి కాలేదు. పన్నెండేళ్ల కిందట ఈ పైపును పరీక్షించి సరిగా ఉందని సంతకం పెట్టింది తనే.

ఆ పరీక్ష ఏమంత బ్రహ్మవిద్య కాదు. ఒకడు పెరట్లో పైపు మొదలుకాడ ఉన్న పైమూత తీసి బకెట్టెడు ఎర్రరంగు నీళ్లు పోస్తాడు. ఇంకొకడు వీధిలో పైపు చివరనున్న కింది మూత తీసి దాని దగ్గర కూర్చుని, రంగు కనబడగానే "వచ్చింది!" అని కేకేస్తాడు. ఆ కేకను నమ్మి సంతకం పెట్టేస్తారు. అప్పట్లో కింద కూర్చునేది అతని బావమరిది. అబద్ధమాడమంటే నోరు పెగలని మనిషి. ఈ ఇంటి పరీక్ష రోజు "ఇంకా రాలేదు బావా" అని మూడుసార్లు అరిచాడు. ఎండ మాడ్చేస్తోంది, చూడాల్సిన ఇళ్లు ఇంకా నాలుగున్నాయి. "వస్తుందిలేరా, వచ్చిందను!" అని ఇతను కసిరాడు. కాసేపటికి నీరసంగా "వచ్చింది బావా" అని వినబడింది.

బావమరిది పోయి మూడేళ్లు. ఆసుపత్రి మంచం మీద కూడా "ఆ ఇల్లొకసారి చూసిరా బావా" అన్నాడు. ఇతను తల ఊపాడు, వెళ్లలేదు.

ఇవాళ తోడెవర్నీ తెచ్చుకోలేదు. సాక్షి ఉండకూడదని, అంతే. పైమూత తీసి రంగునీళ్లు పోశాడు. అవి బుడబుడమంటూ లోపలికి దిగాయి. వీధిలోకి వెళ్దామని లేవబోతుంటే అటువైపునుంచే తాపీగా గొంతు వినబడింది.

"రాలేదు బావా."

ఒళ్లు జల్లుమంది. పరుగెత్తాడు. వీధిలో నరమానవుడు లేడు. కింది మూత బిగుసుకుపోయి ఉంది, చుట్టూ గడ్డి మొలిచింది. గడ్డపారతో లేపి చూశాడు. లోపల సిమెంటు కట్టిన రోజులాగే ఉంది. పన్నెండేళ్లలో ఒక్క తడి మరకైనా లేదు. ఈ ఇంటి నీళ్లు ఏనాడూ ఇక్కడిదాకా రాలేదు.

"తప్పు నాదేరా," అన్నాడు గుంతలోకి వంగి. అప్పుడు భయం కంటే ఏడుపే ఎక్కువ వచ్చింది.

గుమ్మం దగ్గర టీచరమ్మ ఎదురుచూస్తోంది. "నాదేనా బాబూ?"

"కాదమ్మా. నాది. ఆఫీసు పైపు బాగుచేయించాక మీరు నిశ్చింతగా అంట్లు తోముకోండి."

ఆవిడ అతనికి కూర్చోడానికి పీట తెచ్చి వేసింది. అతను రిపోర్టు కాగితం మోకాలి మీద పెట్టుకుని, ఆనాడు తను చేసింది దాచకుండా రాశాడు. చివర రెండు గడులున్నాయి. 'నీళ్లు పోసినవారు' అన్నచోట తన పేరు రాసుకున్నాడు. 'కింది మూత దగ్గర చూసినవారు' అన్నచోట కలం ఆగింది. ఆఫీసులో నవ్వుతారు, పిచ్చెక్కిందంటారు.

అక్కడ బావమరిది పేరు రాశాడు. ఈసారి వాడు చెప్పింది చెప్పినట్టే రాశాడు.