ముప్పై ఒకటో నంబరు

అయూబ్ చదివింది మూడో తరగతి. అయినా గ్రీకు కానీ, రష్యా కానీ, జపాను కానీ, ఏ భాష బొమ్మల పుస్తకం చేతికిచ్చినా తడుముకోకుండా కథ చెప్పేసేవాడు. అందులో అక్షరమ్ముక్క అతనికి రాదని అతనికీ తెలుసు, వినే తమ్ముడికీ తెలుసు. తెలిస్తే మాత్రం ఏం, కథ బాగుండేది.

హార్బర్లో ఓడల సరుకు ఎత్తి దించే వించి డ్రైవరుగా పదహారేళ్లు పనిచేశాడు. తోటివాళ్లు ఓడల్లో వచ్చే నావికుల్ని సిగరెట్లూ సెంటు సీసాలూ అడిగేవారు. ఇతను మాత్రం వాళ్లు చదివి పారేసే కామిక్స్ అడిగేవాడు. ఊరికే తీసుకోకుండా అరటిపళ్లో, మామిడిపళ్లో చేతిలో పెట్టేవాడు. అలా చేరి చేరి ట్రంకుపెట్టె నిండింది. తల్లి మెహబూబ్ బీ పెళ్లి మాటెత్తితే ఆ పెట్టె చూపించి, "ఒక సంసారం సాలదేటి" అనేవాడు.

తమ్ముడు ఖయ్యూం పుస్తకాల బైండరు. కోటవీధిలో ఇంటి వసారాయే అతని దుకాణం. శుక్రవారం సాయంత్రాలు అతను సూదీ దారంతో కుట్లు వేస్తుంటే, అన్న పక్కన చేరి బొమ్మమీద వేలు పెట్టి కథ మొదలెట్టేవాడు. అన్నింట్లోకీ ఇద్దరికీ ప్రాణమైన కథల వరస ఒకటి ఉండేది. ఇనప టోపీ పెట్టుకుని సముద్రం అడుగున నడిచే మనిషి కథ అది. నీళ్లలో పోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటున్నాడని అయూబ్ చెప్పేవాడు. అసలు దేన్ని వెతుకుతున్నాడో అది రాసినవాడికే తెలియాలి. ముప్పై పుస్తకాలు దొరికాయి. ముప్పయ్యోదాని వెనక అట్టమీద, తరవాతిది రాబోతోందన్నట్టు, 31 అని అంకె ఉంది. ఆ ఒక్కదానికోసం నాలుగేళ్లు ఓడ ఓడా గాలించాడు.

మెహబూబ్ బీ లోపలి గదిలో తస్బీ పూసలు తిప్పుకుంటూ, దేవదూతలు గడప తొక్కరని సణిగేది. "బొమ్మలున్న ఇంట్లోకి ఫరిష్తాలు రారురా."

1977 వేసవిలో అయూబ్‌కి కామెర్లు వచ్చాయి. పదిహేను రోజుల్లో మనిషి పోయాడు. పోయేముందు తమ్ముడి చెయ్యి పట్టుకుని, "పెట్టి జాగర్తరా. ముప్పై ఒకటి వొత్తాది. సివర నాను సెప్తాను" అన్నాడు.

చనిపోయినవాడి రూహ్, అంటే ఆత్మ, నలభై రోజులు గుమ్మం దగ్గరే తిరుగుతుందని మెహబూబ్ బీ నమ్మకం. ఇంట్లో బొమ్మలుంటే ఫరిష్తాలు రారు, ఫరిష్తాలు రాకపోతే మనం చేసే ప్రార్థన, మన దువా, వాడికి చేరదు. నలభయ్యోనాటి ఫాతిహా లోపల ఒక్క బొమ్మ కూడా ఇంట్లో ఉండకూడదంది. కన్నతల్లి కొడుకు మంచికోసం ఏడుస్తూ అడుగుతుంటే కాదనే నోరు ఎవరికుంటుంది?

పొట్లాలు కట్టేవాడికి తూకానికి వేయడానికి ఖయ్యూంకి మనసొప్పలేదు. బైండరు బుర్ర కదా, బైండరు ఉపాయమే తట్టింది. పాత కాగితాలకు మైదా జిగురు రాసి, పొరమీద పొర అంటించి, రాయి కింద అణిచి ఆరబెడితే గట్టి అట్ట తయారవుతుంది. పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలుపుతారు. బళ్లు తెరిచే రోజులు, వసారా నిండా పిల్లల పుస్తకాలున్నాయి. అన్న పుస్తకాలు వాటికి అట్టలైపోతే బొమ్మ కంటికి కనపడదు, కాగితం ఊరు దాటదు. అమ్మ మాటా దక్కుతుంది, అన్న మాటా దక్కుతుంది అనుకున్నాడు పిచ్చివాడు.

జిగురు రాస్తున్న ప్రతి పేజీ దగ్గరా అతనికి అన్న గొంతు వినపడింది. "ఆగరా, ఈ పేజీ అవ్వలేదు" అంటోంది. అయినా చెయ్యి ఆపలేదు. ముప్పై తొమ్మిదో రోజు ఆఖరి కాగితం అంటించాడు. రేడియో కట్టేసినట్టు గొంతు ఆగిపోయింది.

నలభై దాటాక మెహబూబ్ బీ పొద్దుగూకే మగ్రిబ్ నమాజు వేళకల్లా వీధి తలుపు గడియ పెట్టించడం మొదలుపెట్టింది. "నలభై అయ్యాక వొచ్చీది మనోడు కాడు" అనేది.

గొంతు వినపడినప్పటికంటే వినపడనప్పుడే ఖయ్యూంకి ఎక్కువ భయమేసింది. వీధిలో పిల్లలు చంకలో పుస్తకాలతో పోతుంటే వెంటపడి, అట్ట ఊడిందేమో చూస్తానని తీసుకుని చెవి దగ్గర పెట్టుకునేవాడు. ఆ వానాకాలంలో తడిసి ఉబ్బిన లెక్కల పుస్తకం ఒకటి బాగుచేయడానికి వచ్చింది. అట్టను పొరలు పొరలుగా విప్పాడు. ఇనప టోపీ మనిషి చెయ్యి ఒక్కటి, మణికట్టు దాకా, బయటపడింది. దానిమీద వేలు పెట్టాడు. ఏమీ వినపడలేదు. అన్నను తను రెండోసారి పాతిపెట్టానని అప్పుడు అర్థమై, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

రెండేళ్లు గడిచాయి. ఒక సాయంత్రం ఎల్లాజీ వచ్చాడు. జాలరిపేట మనిషి, అయూబ్‌తో కలిసి హార్బర్లో పనిచేసినవాడు. చొక్కాలోంచి ఒక పుస్తకం తీసి అరుగుమీద పెట్టాడు. ముప్పై ఒకటి.

"నిన్న ఓడలో కనపడింది బావా. మీ అన్నకిద్దారని గబగబా అడిగి తీసీసుకున్నాను. మెట్లు దిగాక గుర్తొచ్చింది, ఆడు లేడని." వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

ఖయ్యూం పుస్తకం తెరిచాడు. అన్నలాగే మొదటి బొమ్మమీద వేలు పెట్టాడు. పెదవులు వాటంతటవే కదిలాయి. సముద్రం అడుగున ఇనప టోపీ మనిషి నడుస్తున్నాడని చెబుతున్న గొంతు తన నోట్లోంచే వస్తోంది గానీ, తనది కాదు. అయినా వేలు తియ్యలేదు.

"అయూబూ?" అంది లోపల్నుంచి తల్లి.

శుక్లాలు కమ్మిన కళ్లతో గోడ పట్టుకుంటూ వచ్చింది. ఖయ్యూం గబుక్కున పుస్తకం ఒళ్లో దాచాడు.

"దాయకురా. ఆడు కత సెప్తంటే నాను లోపల ఇనీదాన్ని. శుక్రారం శుక్రారం ఒక్క పూస తిప్పితే ఒట్టు. దువా సేరాలని ఆడి గొంతు నానే ఇంట్లోంచి పంపీసాను." వసారా రాట పట్టుకుని మెల్లగా కూర్చుంది. "కానీ, సెప్పు. ఆ తమ్ముడు దొరికాడా?"

ఖయ్యూం ఆఖరి పేజీ తిప్పాడు. పడవలో మనుషులు తాడు పైకి లాగారు. తాడు చివర ఇనప టోపీ ఒక్కటే ఉంది, ఖాళీగా.

"దొరికాడమ్మీ" అన్నాడు. "ఇద్దరూ ఇంటికొచ్చేత్తన్నారు."

మసీదులో మగ్రిబ్ అజాన్ మొదలైంది. అలవాటు కొద్దీ లేచి గడియమీద చెయ్యి వేశాడు.

"ఉంచీరా" అంది తల్లి. "ఇయ్యాల తలుపెయ్యకు."