డేగ రెక్కల వెనక సింహం

నేను ఒక రాగి రేకును. మీ ఇళ్లల్లో బిందెలూ చెంబులూ అయ్యే రాగినే. జర్మనీ దేశంలో పుట్టబట్టి నాకు నీళ్లు మోసే పని తప్పింది. నన్ను సుత్తితో పలచగా సాగగొట్టి, బొగ్గుతో రుద్ది, మొహం కనబడేదాకా నునుపు చేసి యోస్ట్ అనే చెక్కుడు పనివాడికి ఇచ్చారు. అతను ఉక్కుమొనతో నా మీద గీతలు తవ్వుతాడు. వాటిలో సిరా నింపి, తడికాగితం పరిచి అదిమితే బొమ్మ దిగుతుంది. నా మీద ఎడమన ఉన్నది కాగితం మీద కుడికి పోతుంది. అందుకని ఏ బొమ్మయినా తిరగేసే చెక్కాలి.

నాలుగొందల ఏళ్ల కిందటి మాట, అప్పుడక్కడ యుద్ధం. ఇరుపక్షాలూ కొలిచేది ఏసునే. ఎలా కొలవాలన్న దగ్గర పేచీ. ఆ పేచీ తీర్చుకోవడానికి ఊళ్లకు ఊళ్లు తగలబెట్టుకున్నారు. తగలబెట్టిన ప్రతివాడికీ దేవుడు తన పక్కనే ఉన్నట్టు ఒక బొమ్మ కావాలి.

ముందు ఆ ఊరి దొర చెక్కించాడు. మేఘంలో దేవుడు. ఆయన కుడిచేతి వైపు కిరీటం పెట్టుకున్న సింహం, అంటే దొర. ఎడమచేతి వైపు నరకం నోరు తెరుచుకుని ఉంటే, అందులోకి జారిపోతున్న డేగ, అంటే చక్రవర్తి.

అచ్చు వేసిన కాగితాలు ఆరకముందే ఊరు పడిపోయింది. చక్రవర్తి సైన్యం దిగింది. యోస్ట్ అచ్చుయంత్రాన్ని విరగ్గొట్టి వంటచెరుకు చేసుకున్నారు. రుప్రెక్ట్ అనే కెప్టెన్ వచ్చి నన్ను తిప్పి తిప్పి చూశాడు.

"బొమ్మ బాగానే ఉందోయ్. జంతువులే తారుమారయ్యాయి. ఆదివారానికి సరిచెయ్. లేదా నీ తల కోటగుమ్మానికి కడతా."

మూడు రోజులు. తవ్విన గీత పోవాలంటే గీకాలి, వెనకనుంచి కొట్టి గుంటను పైకి తేవాలి, మళ్లీ రుద్దాలి. యోస్ట్ గీకాడు, కొట్టాడు. భార్య ఉర్సులా బొగ్గు నూరి అందించింది.

"మొన్న పుణ్యాత్ముడైన సింహం ఇవాళ పాపాత్ముడైపోయిందే," అన్నాడు.

"సింహానికేం తెలుసయ్యా ఆ గొడవ! నువ్వు కానీ."

సింహం ఉన్నచోట డేగ లేచింది. డేగ ఉన్నచోట సింహం నరకంలోకి జారింది.

ఆదివారం పొద్దున్నే కెప్టెన్ వచ్చాడు. నన్ను చూడగానే కత్తి దూశాడు. "మా డేగను దేవుడి ఎడమచేతికి పెడతావా!"

"కాగితం మీద కుడికి వస్తుందయ్యా."

"రాగి మీద ఒకటీ, కాగితం మీద ఒకటీనా? నేనేమన్నా గొర్రెల కాపరిననుకున్నావా?"

సైన్యంలో చేరకముందు అతను కాసింది గొర్రెలనే. వెనక సిపాయిలు మీసాల్లో నవ్వుకున్నారు. దాంతో అతనికి ఇంకా మండింది.

"ఒక్క నిమిషం అయ్యా," అంటూ ఉర్సులా అడ్డం వచ్చింది. ప్రార్థన పుస్తకం చివర రాతలేని ఆకు చింపింది. తడిపింది. నాకు సిరా పూసి తుడిచి, ఆకు పరిచి, చెంచా వీపుతో గట్టిగా రుద్దింది. అంచు పట్టుకుని లేపింది. డేగ దేవుడి కుడిచేతి వైపే ఉంది.

కెప్టెన్ కత్తి దించాడు. యోస్ట్ ఉక్కుమొనలు సర్దుకున్నాడు.

కెప్టెన్ ఆ కాగితాన్ని కిటికీ దగ్గర వెలుగులోకి తీసుకుపోయాడు. చాలాసేపు చూశాడు. డేగ రెక్కల వెనక సన్నగా జూలు. ఒక పంజా. నా మీద కంటికి ఆనని పాతగాట్లు సిరాను తాగేశాయి.

"నువ్వు సింహాన్ని చంపలేదు. దాచావు."

"గడువు చాలలేదయ్యా. ఇంకొక్క పూట ఇవ్వండి, ఆనవాలు లేకుండా తీసేస్తా."

ఆనవాలు అన్న మాటే కెప్టెన్ చెవిలో పడింది, దొర మనుషులకు పెట్టిన రహస్య గుర్తనుకున్నాడు. యోస్ట్‌ను తోసుకుంటూ తీసుకుపోయారు. ఉర్సులా చేతిలో చెంచా అలాగే ఉంది. అతను మళ్లీ గడప తొక్కలేదు.

ఆమె నన్ను పారెయ్యలేదు. బొమ్మ కిందికి ఉండేలా పిండిజాడీ మీద మూత పెట్టింది. ముప్ఫై ఏళ్లు. తుడిచినా వెనకవైపే తుడిచేది.

ఇప్పుడు మ్యూజియంలో అద్దం వెనక ఉన్నాను. పక్కన కొత్తగా తీసిన అచ్చు, దాని కింద అట్టముక్క మీద రాత: 'శత్రువు కళ్లెదుటే తన విశ్వాసాన్ని చాటిన ధీరుడు.' జనం చదివి తల వంచి నిలబడతారు. రెండు పక్షాలవాళ్లూ వస్తారు, యోస్ట్ మావాడంటే మావాడంటారు.

మూడు రోజులు నా మీద వంగి కూర్చున్నవాడు. అతని చెయ్యి నాకు తెలుసు. అతనికి సింహమూ అక్కర్లేదు, డేగా అక్కర్లేదు. కావలసింది ఆ ఆదివారం దాటాక ఒక సోమవారం.