మోటారు విప్పే రోజు

"వచ్చే వారం కొత్త మోటారొస్తది. బోర్లకెళ్ళి సీదా ట్యాంకులకే. ఇగ నీకు ఈ తిప్పలుండయి," అన్నాడు మా ఆయన బాలనర్సయ్య.

అదొచ్చేదాకా నీళ్ళెక్కాలి కాబట్టి నేను బావిగట్టు మీద గొంతుక్కూర్చుని పాత మోటారు బోల్టులు విప్పుతున్నాను. ఆయన మేలు చేసినవాడి ముఖం పెట్టుకుని నిలబడ్డాడు. నేను సంతోషపడితే చూద్దామని. పానా జారి వేలు గీసుకుపోయింది. అది ఆయనకు కనపడలేదు. అంగీ వేసుకుని సినిమా సెట్టు పనికి మేస్త్రీని కలవడానికి వెళ్ళిపోయాడు.

కృష్ణానగర్‌లో మా ఇంటి బావి నీళ్ళు ఉప్పన. సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు. ఏడాది తిరిగేసరికి మోటారు లోపల తిరిగే ఇత్తడి చక్రం రెక్కలకు సున్నం గడ్డ కడుతుంది. సందులు పూడిపోయి నీళ్ళు పైకి దారంలా ఎక్కుతాయి. జూబ్లీ హిల్స్ బంగళాలలో ఇలాంటివాటికి మిషన్లు పెట్టుకుంటారు. మాకు నిమ్మఉప్పు. వేడినీళ్ళలో నిమ్మఉప్పు కలిపి, గుప్పెడు చింతపండు పిసికి, చక్రాన్ని అందులో వేస్తే సున్నం సుయ్యిమని నురగ కక్కుతుంది. మెత్తబడ్డాక పాత బ్రష్షుతో రుద్ది కడగాలి. ఇది మా ఇంట్లో ఆడవాళ్ళ పని. "ఇంట్ల ఉండేటోళ్ళే గద, మెకానిక్కెందుకు" అని మామ ఎప్పుడో అన్నాడట. అత్తమ్మ నేర్చుకుంది. నాకు నేర్పింది.

కొత్త కోడలిగా మొదటిసారి చక్రం రుద్దిన రోజు నాకు బాగా గుర్తు. నల్లా రాని రోజు చూసి అత్తమ్మ మోటారు విప్పించింది. తాగడానికి ఒక బిందె, దొడ్డికి ఒక డ్రమ్ము. వంటకూ అంట్లకూ బట్టలకూ చుక్క నీళ్ళుండవు. మగవాళ్ళు సణుక్కుంటూ చౌరస్తాలో మెస్సుకు పోయారు. నేను ఉత్సాహంగా రుద్ది, మెరిసే చక్రాన్ని పట్టుకుపోయి, "అయిపోయిందత్తమ్మా, బిగిద్దామా?" అన్నాను. ఎండ ఇంకా జామచెట్టు పైకి రానేలేదు. ఆమె నా చేతిలోంచి చక్రం తీసుకుని మళ్ళీ బేసిన్‌లో వేసింది. మీద తడిగుడ్డ కప్పింది.

"ఇంకా కరగలే పిల్లా. పొద్దూకుతది."

"కరిగిందత్తమ్మా, చూడరాదూ..."

"కరగలే అన్న గద."

జామచెట్టు కింద చాప పరిచి పడుకుంది. ఆమె పగలు నడుం వాల్చడం అదే మొదటిసారి చూశాను. మిగతా రోజులన్నీ ఆమె నోరు మంచిది కాదు. నా చారులో ఉప్పు దగ్గర నుంచి నా నడక దాకా అన్నీ తప్పే. ఆ రోజు మాత్రం నిద్ర లేచి, నన్ను కూర్చోబెట్టుకుని తలకు నూనె పెట్టింది. వేళ్ళు గరుకు. "మీ అమ్మ యాదికొస్తదా?" అని అడిగింది. ఈ ఇంట్లో నన్ను ఆ మాట అడిగిన మనిషి ఆమె ఒక్కతే.

అప్పటి నుంచి ఏటా ఆ ఒక్క రోజు మాది. పెరుగులో అటుకులు కలుపుకుని తినేవాళ్ళం. ఎవరి గురించైనా చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. సాయంత్రం చక్రం బిగించి, మొహాలు అలసిపోయినట్టు పెట్టుకుని మోటారు వేసేవాళ్ళం. "నీళ్ళు లేకుంటె మీకు పండుగే గద!" అని మామ ఎకసెక్కెం చేసేవాడు. నిజమే అన్నాడు పాపం, తెలియక. పక్కన కూర్చుని సున్నం ఎంతసేపట్లో కరుగుతుందో చూసిన మగవాడు మా ఇంట్లో పుట్టలేదు.

అత్తమ్మ నిరుడు పోయింది. ఇప్పుడు మోటారు కూడా పోతోంది. కొత్తది బోరు అడుగున ఉంటుంది. విప్పేది లేదు, కడిగేది లేదు. ఆ రోజూ లేదు.

"నేను రుద్దనా అత్తమ్మా?" అంటూ కోడలు మంజులత వచ్చి పక్కన కూర్చుంది. ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ స్టూడియోలో పని. ఇవాళ రికార్డింగ్ లేదట. కళ్ళ కింద నలుపు.

"పండుకోరాదు బిడ్డా. రోజూ రాత్రి దాకా పనే గద."

"పనా! రికార్డింగు మిషన్ నేర్చుకుని చేరిన. సారు ముట్టనియ్యడు. 'మంజూ, నీ చేతి చాయ్ మస్తుంటది' అంటడు. కప్పులు గూడ నేనే కడగాలె." నవ్వింది. నవ్వు ఆగాక చిన్నగా అంది: "ఇంటికొచ్చినంక చాతనైతలేదని అంటే మీ కొడుకేమంటడో తెలుసా? 'మా అమ్మ ఒక్కనాడన్న చాతనైతలేదన్నదా?' అంటడు."

నా చేతిలో బ్రష్షు ఆగిపోయింది. నేను అనలేదు. నిజమే. అత్తమ్మ కూడా అనలేదు. మేమిద్దరం గుడ్డ కింద దాచుకున్నాం. మేం నోరెత్తకుండా చేసుకుపోయింది ఇప్పుడు ఈ పిల్లకు కొలతబద్ద అయింది. నా పేరు చెప్పి దీని నోరు మూయిస్తున్నాడు, నేను కన్నవాడు.

చక్రం శుభ్రమైంది. అలవాటుగా బేసిన్‌లో వేసి గుడ్డ కప్పాను. మంజులత చూసింది. చాప పరిచాను. పిల్ల నా ఒళ్ళో తల పెట్టి అట్లాగే నిద్రపోయింది. అత్తమ్మ నూనె సీసా తెచ్చుకుని, దాని పాపిట్లో మెల్లగా నూనె అద్దుతూ కూర్చున్నాను. నా వేళ్ళూ గరుకెక్కాయి. ఎప్పుడెక్కాయో.

మధ్యాహ్నం గేటు చప్పుడు చేస్తూ మా ఆయన వచ్చాడు. మంజులత ఉలిక్కిపడి లేచింది.

"ఏమే, ఇంకా కాలేదా? మెస్సు బందుంది. ఆకలైతుంది నాకు."

నేను నోరు తెరిచేలోగా మంజులత గుడ్డ అంచు సర్దింది. "ఇంకా కరగలే మామయ్యా. పొద్దూకుతది."

ఎవరూ నేర్పలేదు దానికి. అదే మాట. అత్తమ్మ గొంతులో ఉన్న బెదురే ఆ గొంతులోనూ ఉంది. నవ్వు రావాల్సింది, రాలేదు. ఇది కూడా ముసలిదయ్యేదాకా ఏదో ఒకదాని మీద గుడ్డ కప్పుకుంటూ బతుకుతుంది. వచ్చే వారం నుంచి కప్పుకోవడానికి ఈ చక్రం కూడా ఉండదు.

గుడ్డ తీశాను. చక్రం పైకెత్తి పట్టుకున్నాను. ఎండ తగిలి కొత్త బిందెలా మెరిసింది.

"కరిగింది. పొద్దుగాలనే కరిగింది. ఏటా పొద్దుగాలనే కరుగుతది."

ఆయన చక్రాన్ని చూశాడు. నన్ను చూశాడు.

"మరి మా అమ్మ పొద్దూకేదాక ఏం చేసేది?"

"పండుకునేది."

ఆయన చూపు జామచెట్టు కింద చాప మీదికి పోయింది. తల్లి పడుకుని ఉండగా ఎప్పుడైనా చూశాడేమో గుర్తు చేసుకుంటున్నట్టున్నాడు. చివరి జబ్బులో తప్ప చూసి ఉండడు.

"సరె, అయితే బిగించు. ఇంత అన్నం వండు," అన్నాడు గొంతు తగ్గించి.

"సాయంత్రం బిగిస్త. ఇయ్యాల వండం. డబ్బాల అటుకులున్నయి, పెరుగుంది. కలుపుకో. మాకు గూడ కలుపు."

మంజులత నా చీర కొంగు పట్టుకుంది. నేను ఆ చేతి మీద చెయ్యి వేశాను.

"కొత్త మోటారొస్తే ఏడాదికోసారి ఈ తిప్పలుండయన్నవు గద," అన్నాను. "మంచిది. ఇగ వారానికోసారి ఈ చాప పరుస్తం."

"నీళ్ళుండంగనా?" అన్నాడు, నిజంగానే అర్థం కాక.

"నీళ్ళుండంగనే."